తెర వెనక నేర్చిన అక్షరాలు

మా ఆయన వాళ్ల అవ్వ పోయి నెలైంది. నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి, మన్నించండి. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. అయినా రాస్తున్నాను. అవ్వ బతికుండగా రాయమంటే రాయలేదు, అందుకు.

నగరిలో మా మరమగ్గాలు ఆడే షెడ్డు ఒకప్పుడు బొమ్మల కొట్టం, అంటే సినిమా హాలు. సినిమాలకు మాటలు రాని కాలం నాటిది. కొట్టం నడుమ తెల్లగుడ్డ కట్టేవాళ్లంట. ఇటుపక్క మగవాళ్లు, చేత్తో తిప్పే మిషను. గుడ్డకు అటుపక్క ఆడవాళ్లు. వాళ్లకు బొమ్మ తిరగేసి కనిపించేది. కుడిచేత్తో కత్తి దూసినవాడు వాళ్లకు ఎడమచేత్తో దూసినట్టు. తెర పక్కన ఒకాయన నిలబడి గొంతెత్తి కథ చెప్పేవాడు. నడుమ నడుమ తెలుగు అక్షరాలు పడితే చదివేవాడు. అవ్వ వాళ్లమ్మ బడి ఎరగదు. తెర వెనక కూర్చుని, ఆయన గొంతు వింటూ ఒక్కో అక్షరం గుర్తు పట్టింది. అన్నీ తిరగేసే నేర్చుకుంది. అట్లాగే అవ్వకూ నేర్పింది.

అందుకే అవ్వ కుడి నుంచి ఎడమకు రాసేది. గ్యాసు బండ వచ్చిన రోజు క్యాలెండరు మీద ఏదో రాస్తే మా ఆయన, "ఇది సదవాలంటే తలకిందులుగా నిలబడాల్నా అవ్వా?" అని ఏడిపించేవాడు.

"తలకిందులు ఎందుకురా? గంటసేపు తల దువ్వుకుంటావే, ఆ అద్దం ముందర పెట్టు."

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక నోటుబుక్కు తెప్పించి నా చేతికిచ్చింది. "పాపా, ఆ కొట్టం కత నేను సెప్తా, నువ్వు రాయి. నా రాత ఎవురూ సదవలేరు."

"నాకు ఒత్తులు రావవ్వా. నలుగురూ నవ్వుతారు."

"నీకు ఒత్తులే రావు, నాకు అన్నీ తిరగబడే వస్తాయి. సున్నా ఒకటే మే, మనిద్దరికీ సరిగ్గా వచ్చేది!" అని పకపకా నవ్వింది.

రేపు, ఎల్లుండి అంటూ మూడేళ్లు జరిపాను. బువ్వ పెట్టేటప్పుడు "ఆ కత సెప్పే ఆయన ఉండాడే..." అని మొదలుపెట్టేది. "పొయ్యి మీద కూర మాడిపోతాది అవ్వా" అని లేచి వచ్చేసేదాన్ని. ఏ కూరా మాడలేదు. ఆయన పేరేమిటో, కొట్టం ఎందుకు మూతపడిందో నేను అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

మొన్న అవ్వ పెట్టె సర్దుతుంటే ఆ నోటుబుక్కు అడుగున దొరికింది. నా అల్మారాలోంచి ఎప్పుడు తీసుకుందో! మొదటి పేజీలో కుడి అంచు నుంచి రెండు వరసలు. అద్దం ముందర పట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను: "మా అమ్మ తెరకు ఆపక్క కూసునేది. కత సెప్పే ఆయన పేరు..."

అక్కడితో ఆగిపోయింది.

చదివాక ఈ కాగితం కాల్చేయండి అని కింద రాసి, కొట్టేశాను. నవ్వితే నవ్వండి, ఉంచండి.

ఆ పుస్తకం అద్దం ముందరే తెరిచి పెట్టాను. అద్దంలో అవ్వ అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వాటి పైన నా మొహం ఒకటే తిరగేసి ఉంది.