మచ్చలోకే సూది

మా తోడికోడలు సత్యనారాయణమ్మ కుండ ముందు కూర్చుందంటే మిగతా ప్రపంచం ఆవిడకు అక్కర్లేదు. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద రెండు చేతులా పరిచి ఒక్క లాగు లాగేది. అంతే, రేకు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్ళకు కొదవలేదు, అయినా పెళ్ళిళ్ళవాళ్ళు మా వాకిట్లోకే వచ్చేవారు. నేను ఆ రేకులకు నెయ్యి రాసి, పంచదార చల్లి మడతలు పెట్టేదాన్ని. మడతలు ఎవరైనా పెడతారు, ఆ లాగడం మాత్రం అందరికీ రాదు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, గర్వం కూడా దండిగానే ఉండేది.

తొంభై ఎనిమిదిలో కుండ పగిలి ఒరిగిపోతుంటే పట్టుకోబోయి కుడిచెయ్యి కాల్చుకుంది. కాలినచోట పిండి పులమడం మా ఇంట్లో అలవాటు, ఆవిడా అదే చేసింది. పుండు ఎన్నాళ్ళకో మానింది. మానాకైనా సుఖం లేదు. మణికట్టు నుంచి బొటనవేలు దాకా మచ్చ ఎర్రగా లావెక్కి, తాడులా బిగిసింది. ఒకటే దురద. గుడ్డ కొస పట్టుకుందామంటే వేళ్ళు సగం కూడా తెరుచుకోవు. బలవంతాన లాగితే రేకు ముక్కలు ముక్కలు.

మా అత్తగారు వీరాయమ్మగారు కుండ ముందు పీటను పక్కింటి అమ్మాయికి ఇచ్చేశారు. "నువ్వు మడతలు పెట్టుకోవే అమ్మా, అదేం తక్కువ పనా?" అన్నారు. ఏళ్ళ తరబడి నేను చేస్తున్న పనే అది. అయినా సత్యనారాయణమ్మ అక్క వచ్చి నా పక్కన తలొంచుకుని కూర్చుంటే చూడలేకపోయాను.

రావులపాలెంలో బస్సు మారి అమలాపురం తీసుకెళ్ళాను. చర్మం డాక్టరు రేవతిగారు ఆ చెయ్యి తిప్పి తిప్పి చూశారు.

"పైన రాసే మందు పైనే ఉండిపోతుందమ్మా. మాత్ర మింగితే ఒళ్ళంతా తిరిగి ఇక్కడికి చేరేది ఏపాటి? అందుకని తిన్నగా మచ్చలోకే మందు ఎక్కిస్తాం. ఈ ఇంజెక్షన్ తెప్పించుకుని వారంలో రండి."

"మచ్చలోకేనాండీ?" అంది అక్క. ముఖం పాలిపోయింది.

మందు చేతికొచ్చిన రోజు ఆవిడ అమలాపురం బస్సెక్కలేదు. ఊళ్ళో సూదులేసే జ్ఞానప్రకాశంగారింటికి నడిచింది. వద్దని మొత్తుకుంటూ వెనకాలే వెళ్ళాను. వింటేనా!

"మచ్చలో పొడవడమేంటండీ! ఎక్కడ పొడిచినా మందు ఒంట్లోకే కదండీ వెళ్ళేది?" అన్నాడాయన.

"ఆయ్, నేనూ అదే అంటున్నానండీ," అంది అక్క, ప్రాణం లేచొచ్చినట్టు.

నడుముకి పొడిపించుకుని ఇంటికొచ్చింది. సూదంటే మా ఊళ్ళో నడుముకే మరి. జలుబు చేసినా అక్కడే, కాలు బెణికినా అక్కడే. నెల తిరిగినా మచ్చ ఇసుమంతైనా తగ్గలేదు. "నా చెయ్యి ఇంక ఇంతేనే" అని ఒకరోజు దొడ్లో కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్క పుచ్చుకుని బస్సెక్కించాను.

రేవతిగారు కోప్పడతారనుకున్నాను. సంగతంతా విని నవ్వేశారు. "మందు మంచిదేనమ్మా. మీరే దాన్ని వేరే ఊరి బస్సెక్కించేరు."

ఆ రోజు సూది మచ్చలోకే దిగింది. మచ్చ రాయిలా ఉంది, మందు ఒక పట్టాన ఎక్కలేదు. రోజంతా నిప్పుల సెగకు కిమ్మనని మనిషి ఆస్పత్రి అదిరిపోయేలా అరిచింది.

"అయిపోయిందాండీ?"

"ఇప్పుడేగా అమ్మా మొదలెట్టేను!"

నెలనెలా వెళ్ళాం. ముందు దురద పోయింది, తరవాత ఎరుపు తగ్గింది, మెల్లగా మచ్చ మెత్తబడి చదునైంది. అప్పుడప్పుడే వస్తున్న పల్చటి సిలికాన్ షీటు ఒకటి తెప్పించి మచ్చ మీద అంటించారు డాక్టరమ్మ. "చూసేవటే, రేకులు తీసే చేతికే రేకు చుట్టేరు!" అంటూ బస్సులో కనిపించిన ప్రతివాళ్ళకీ చూపించింది అక్క. వేళ్ళు సాగదీసే కసరత్తు మాత్రం డాక్టరమ్మను తిట్టుకుంటూనే చేసేది. ఒక్కరోజూ మానలేదు.

రెండువేల సంవత్సరం, పెళ్ళిళ్ళ రోజులు. ఇంక నిప్పు దగ్గర కూర్చోవచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడే కుండ ముందుకొచ్చింది. పక్కింటి అమ్మాయి పీట మీద నుంచి లేచింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మొదటి రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది. అక్క గుడ్డ మళ్ళీ ముంచింది. వేళ్ళు బార్లా చాచి ఒక్క లాగు లాగింది. కుండ మీద నుంచి రేకు చెక్కుచెదరకుండా లేచింది. దాన్ని అంచులు పట్టి గుమ్మం వైపు ఎత్తింది. అందులోంచి అత్తగారి ముఖం ముక్కుపుడకతో సహా కనిపించింది.

"బియ్యం ఇంకాసిని నానబెట్టండర్రా," అని మాత్రం అన్నారు అత్తగారు. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు మేమెవరం ఎరగం.

రేకులు ఒకదాని వెనక ఒకటి నా ముందుకొచ్చి పడుతున్నాయి. మడతలు పెడుతున్నాను గానీ నాకు కన్నీళ్ళు ఆగలేదు. అక్క చూసి కసిరింది.

"కళ్ళు తుడుచుకోవే! తీపి రేకుల్లో ఉప్పెందుకూ?"