వరాలు పెద్దమ్మ వాసన చూసిన షార్డొనే

ఈ ఉదయం గోపాలపూర్‌లో మా హోటల్ వెనక గదిలో తెల్ల గుడ్డ పరిచిన బల్లమీద ఆరు గ్లాసులు పెట్టించాను. ఆరింటిలోనూ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన షార్డొనే వైనే. ఒకే జాతి తెల్ల ద్రాక్ష, ఒకే దేశం, ఒకే ఏడాది పంట. అయినా ఆరూ ఆరు దారులు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేర్పే రోజు ఇది. వాళ్లలో ఒకమ్మాయి నాలుగో గ్లాసు ముక్కుదాకా తెచ్చుకుని మొహం చిట్లించి, "మేడమ్, ఇది పాడైపోయింది, అగ్గిపుల్ల గీసిన వాసన వస్తోంది" అంది. నేను ఆ గ్లాసు తీసుకుని వాసన చూశాను. గంధకం కాలిన ఆ ఘాటు ముక్కుకి తగలగానే హోటలూ సముద్రమూ రెండూ పోయి, బరంపురం గోసాని నువాగాంలో ఒక పెంకుటింటి పెరడూ, అందులో పీటమీద కూర్చుని నావంక కోపంగా చూస్తున్న వరాలు పెద్దమ్మా కళ్లముందుకొచ్చేశారు.

వరాలు పెద్దమ్మ మాకు చుట్టం కాదు, మూడిళ్ల అవతల ఉండేది. వాళ్లది తరాలుగా మొగలి నూనె టోకు వ్యాపారం. సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం మొగలిపొత్తులు తెల్లవారుజామునే కోసి, ఎండెక్కకముందే రాగి బానల్లో వేసి బట్టీపెట్టి నూనె తీస్తారు. అది బరంపురం వచ్చి, అక్కణ్ణించి ఉత్తరాది అత్తరు వ్యాపారులకి వెళుతుంది. మధ్యలో ఎవరో ఒకరు ఆ నూనె వాసన చూసి, ఇది వెళ్లొచ్చు, ఇది వెళ్లకూడదు అని తేల్చాలి. పెద్దమ్మ మామగారు పోయాక ఆ పని ఆయన కొడుకు, అంటే పెద్దమ్మ భర్త, చేయాల్సింది. కానీ ఆయన ముక్కు పడిశం పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదని పెద్దమ్మే అందరిముందూ అనేది, ఆయనా నవ్వి ఊరుకునేవాడు. ఆ విధంగా కోడలి ముక్కుమీద ఆ ఇల్లు ముప్పై ఏళ్లు నడిచింది. ఒరియా బట్టీదార్లు ఆవిణ్ణి మావుసి, అంటే పిన్ని, అని పిలిచేవారు, సరుకు చేతికిచ్చి ఆవిడ మొహంవంక పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్లలా చూసేవారు.

నేను డిగ్రీ అయ్యాక ఆవిడ దగ్గర పనికి చేరాను. నాకు నోరెక్కువ, తెలిసినా తెలియకపోయినా ముందు మాట్లాడేసే రకం. మొదటిరోజు నూనెలో ముంచిన కాగితం ముక్క నా చేతికిచ్చి ఎలా ఉందని అడిగింది. "బాగుంది పెద్దమ్మా" అన్నాను వెంటనే.

"బాగుందంటే అది నీ సంగతి. నాను అడిగింది నూనె సంగతి. ఏటుందో అది సెప్పు" అంది.

ఆ పూట సాయంత్రందాకా నాకు సరైన మాట ఒక్కటీ దొరకలేదు. తియ్యగా ఉందంటే, ఏ తీపి, బెల్లమా తేనా అనేది. ఘాటుగా ఉందంటే మిరియమా అల్లమా అనేది. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టకుండా ఒక్కదాన్ని చూసి చెప్పనిచ్చేది కాదు. "ఒక్కదాన్ని సూసి ఏటి తెలుస్తాదే? దాని పక్కనింకోటి ఎట్టు, అప్పుడు రెండూ బయటపడతాయి" అనేది. నూనె డబ్బాలుండే గది ముందువైపు, వాసన చూసే గది వాకిలి దాటి పెరటివైపు ఉండేవి. అందులో ఒక పీట, ఒక కిటికీ తప్ప ఇంకేమీ లేవు. ఆ గదిలోకి ఉల్లిపాయ తిని రాకూడదు, టీ తాగి రాకూడదు. ఆవిడ అగరొత్తి వెలిగించేది కూడా వాసన పని పూర్తయ్యాకే, అందుకని ఆ ఇంట్లో దేవుడికి ధూపం మధ్యాహ్నమయ్యేది.

రెండో ఏడు వానాకాలంలో నేను చేసిన తప్పు ఆ వీధి ఆడపిల్ల తప్ప ఇంకెవరూ చేయలేనిది. పెద్దమ్మకి జ్వరం. ఒక బట్టీదారు సరుకు తెచ్చాడు. నేనే వెనక గదిలో కూర్చుని చూశాను. మొగలి వాసన గుప్పుమంది, నిండుగా, తాజాగా ఉంది. "పంపించండి" అన్నాను దర్జాగా. మూడు వారాలకి ఆ సరుకంతా తిరిగొచ్చింది. నిన్నటి వాడిన పువ్వుతో తీసిన పల్చటి నూనె అని కొన్న అత్తరు వ్యాపారి కబురుపెట్టాడు. ముప్పై ఏళ్లలో ఆ ఇంటికి సరుకు తిరిగిరావడం అదే మొదలు. పెద్దమ్మ ఆ నూనె మళ్లీ నాకే ఇచ్చి చూడమంది. నేను కాగితం ముక్కు దగ్గర పెట్టుకోగానే లేచి నా వెనక్కి వచ్చి నిలబడింది.

"జడలో ఏటే అది?"

మొగలిరేకు. వానాకాలమంతా మా వీధిలో ఆడవాళ్లందరం జడలో పెట్టుకునేదే, బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకునేదే. నా రవికెకి కూడా ఆ వాసనే. అంటే నేను మూడువారాల కిందట మెచ్చుకున్నది నా జడని.

"నిన్ను నువ్వే వాసన సూసుకుని సరుకు పంపీసినావు" అంది పెద్దమ్మ. అరిచుంటే బాగుండేది. "ఇకమీదట ఏ వాసనుందో అది సెప్పు సాలు. పంపాలో ఒద్దో నాను సెప్తాను."

మరో నాలుగేళ్లు పనిచేశాను. ఆ మాట మీదే నిలబడిపోయింది. నేను ఎంత బాగా చెప్పినా, ఆవిడ ఓ అని తలూపి, ఆ కాగితం తీసుకుని తనూ చూసి, అప్పుడు పంపమనేది. నాకది ముల్లులా ఉండేది. పంపించండి అనే ఒక్క మాట నా నోటినుంచి చెల్లితే చాలనిపించేది. చివరికి ఆ ఉక్రోషంతోనే గోపాలపూర్ హోటల్లో స్టోరు గదిలో పని వస్తే వెళ్లిపోయాను. అక్కడ దుప్పట్లూ సబ్బులూ సీసాలూ చూసుకోవడం నా ఉద్యోగం.

అక్కడ మూడేళ్లు గడిచాక విదేశీ వైన్లు తెప్పించాలని మా మేనేజరు మహంతి గారికి బుద్ధిపుట్టింది. బొంబాయి నుంచి దిగుమతి చేసే ఒకాయన ఆరు ఆస్ట్రేలియా షార్డొనేలు పట్టుకొస్తాడని, పేర్లు కప్పిపెట్టి పోస్తాడని, మా సిబ్బందిలో ఎవరు సరిగా ఎంచితే వాళ్లకే వైన్ల విభాగం అప్పగిస్తానని చెప్పాడు. బారులో పనిచేసే నలుగురూ ముందుకొచ్చారు. స్టోరు గది నుంచి నేనూ చెయ్యెత్తాను. వాళ్లు నవ్వారు, మహంతి గారు నవ్వకుండా పేరు రాసుకున్నాడు. అలవాటు పడండని ఆ బొంబాయి ఆయన ముందుగా రెండు రకాలు పంపించాడు. ఒకదాని మూత తీస్తే అగ్గిపుల్ల గీసినట్టు కొట్టింది. పాడైందని చీటీ రాశాను. రెండోది మెత్తగా, వెన్నలా ఉంది. మంచిదని రాశాను. రాసిన చీటీ రెండుసార్లు చదువుకున్నాక ధైర్యం చాల్లేదు. సీసాలు రెండూ సంచిలో బీరకాయల కింద పెట్టుకుని బరంపురం బస్సెక్కాను.

పెద్దమ్మ సీసాలు చూసి రెండడుగులు వెనక్కేసింది. "దేవుడున్న ఇంట్లోకి సారా తెస్తావేటే?"

"సారా కాదు పెద్దమ్మా, ద్రాక్ష నుంచి చేసింది. తాగొద్దు, వాసన చూడు చాలు."

సీసాలవంక ఓరగా చూసింది. "తాగితే పాపం గాని వాసనకేటి పాపం? పెరట్లో ఎట్టు. ఈదితలుపు ఎయ్యి, పక్కింటి కిష్టమ్మ సూసిందంటే ఊరంతా సాటేస్తాది." స్టీలు గ్లాసులు తెస్తే చింతపండు పెట్టి తోమిన వాసనొస్తుందని వెనక్కి పంపింది. కొడుకు పెళ్లికి ఎవరో ఇచ్చిన గాజు గ్లాసులు కడిగించి, ఆరబెట్టించి, పక్కపక్కన పెట్టించింది. మొదటిది చూసింది.

"అగ్గిపుల్ల" అంది.

"కదా, పాడైపోయింది."

"నోరుముయ్యి. కిందేటున్నాదో సూడకుండా సెప్పీడమే. ఆగు."

రెండోది చూసింది. "ఎన్నపూస. కొత్త పీటసెక్క. కొంచెం..." అని ఆగిపోయి, గ్లాసు కిందపెట్టేసింది. "రెండింటినీ ఒదిలీ. నూనె బాన అడుగంటిందనుకో, ఆ మాడువాసన గంట గడిసేకొద్దీ పెరుగుతాది. సేసినోడు కావాలని ఎట్టిన పొగవాసన సర్దుకుంటాది. తప్పేదో పనేదో తెలవాలంటే కూకోవాల. నీకు కూకోడం రాదు, అదే నీ జబ్బు."

బీరకాయలు తరుగుతూ గంటసేపు కూర్చున్నాం. తర్వాత చూస్తే మొదటి గ్లాసులో అగ్గిపుల్ల ఎక్కడో అడుగున సన్నగా మిగిలింది, దానిమీద నిమ్మతొక్కా వేయించిన జీడిపప్పూ లేచి నిలబడ్డాయి. రెండోదాంట్లో వెన్న పోయి తడి గోనెసంచి వాసన పైకొచ్చింది. ఆ సీసా బిరడా చెడిందని తర్వాతెప్పుడో తెలిసింది. నేను రాసిన చీటీలు రెండూ తలకిందులు. సిగ్గేసింది, కానీ బస్సులో తిరిగొస్తుంటే లోపల ఏదో కుదురుకున్నట్టనిపించింది.

పోటీ రోజున తలంటుకోకుండా, పౌడరు రాసుకోకుండా, ఒట్టినీళ్లలో ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను. బల్లమీద ఆరు గ్లాసులు. బారు వాళ్లు ఇటో గుక్క అటో గుక్క తాగి, పావుగంటలో కాగితాలు ఇచ్చేశారు. నలుగురూ నాలుగోదాన్ని చెడిపోయిందని కొట్టేశారు. నేనొక్కదాన్నే కూర్చున్నాను. మహంతి గారు గడియారం చూసుకుని, "ఏమ్మా, నిద్రపోయావా?" అన్నాడు. ఇంకో అరగంట కావాలన్నాను. బారు వాళ్లు పకపకా నవ్వారు. బొంబాయి ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

అరగంటయ్యాక ఒక్కొక్కటీ పక్కదానితో పోల్చి చెప్పడం మొదలుపెట్టాను. ఒకటోది మగ్గిన మామిడి, ఎండెక్కువ తగిలిన పంట. రెండోది దానికి నీడలో పెరిగిన చెల్లెలు. మూడోదాంట్లో కొత్త చెక్క ఎక్కువై ద్రాక్ష కనబడటంలేదు. ఐదు, ఆరు తేడా లేనంత దగ్గర, రెండూ ఒకే తోటవి కావొచ్చు. నాలుగోదాని దగ్గర ఆగాను. "ఇది చెడిపోలేదు. ఆ అగ్గిపుల్ల వాసన చేసినవాడు కావాలని ఉంచింది. ఇప్పుడు చూడండి, నిమ్మతొక్క, జీడిపప్పు, చివర సముద్రం గాలిలో ఉండే ఉప్పు. ఆరింటిలో ఇదే గొప్పది. ఇది తెప్పించండి."

బొంబాయి ఆయన నాలుగో సీసా చుట్టూ ఉన్న గుడ్డ విప్పాడు. తను తెచ్చినవాటిలో అన్నిటికన్నా పై తరగతిది అదేనట, దాన్ని చెత్తబుట్టలో పోయని ఊరు ఇదే మొదటిదట. ఐదూ ఆరూ నిజంగానే ఒకే తోటవి. మహంతి గారు నాలుగో గ్లాసు మళ్లీ తీసుకుని వాసన చూసి, మళ్లీ చూసి, స్టోరు గది తాళాలు ఇంకొకరికి అప్పజెప్పమన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. చీర అడ్డమొచ్చింది గాని లేకపోతే వేసేదాన్నే.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వెనక గదిలో ఒక బట్టీదారు ఉన్నాడు. "మావుసీ, ఏథర మాల్ భల అఛి" అని ఈసారి సరుకు బాగుందని బతిమాలుతున్నాడు. పెద్దమ్మ నన్ను చూసి, గెలిచావా అని అడగలేదు. "ఏటేటి సూసినావో వరసనే సెప్పు" అంది. ఆరూ చెప్పాను. కళ్లు మూసుకుని వింది. అయిపోయాక కళ్లు తెరిచి, బట్టీదారు తెచ్చిన నూనె సీసా నావైపు జరిపింది. "నువ్వు సూడు."

ముందుగది నుంచి పాత నూనెలు రెండు తెచ్చి, వాటిలోనూ దీంట్లోనూ మూడు కాగితాలు ముంచాను. కిటికీ దగ్గర కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. ఆఖరికి, "ఎండెక్కకముందు కోసిన పువ్వు పెద్దమ్మా, తెచ్చిన పూటే బానలో పడింది. మాడు లేదు" అని ఆగిపోయాను. అలవాటుగా ఆవిడకోసం కాగితం చాచాను.

ఆవిడ అందుకోలేదు. "మరి పంపాలా, ఒద్దా?"

"పంపించండి" అన్నాను.

బట్టీదారు అనుమానంగా, "మావుసీ, మీరు సూడరా?" అన్నాడు. పెద్దమ్మ ఆ సీసాకి బిరడా పెట్టి గట్టిగా నొక్కేసింది. "అది సూసింది గదా. ఇంక నాను సూసేదేటి? ఎల్లి సరుకు దించు."

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నాకు పెద్ద పెద్ద ఊళ్ల నుంచి పిలుపులొచ్చాయి, గోడకి తగిలించుకునే కాగితాలూ వచ్చాయి. వాటికీ సంతోషించాను, లేదని బుకాయించను. కానీ ఇప్పటికీ ఒక వైను ముందు కూర్చుని, అందరూ తొందరపడుతుంటే కదలకుండా ఉండి, ఇది తెప్పించండి అని చెప్పగలుగుతున్నానంటే, ఆ ఉదయం ఒకావిడ తన ముక్కుకి అందేంత దూరంలో ఉన్న నూనెని చూడనక్కర్లేదని బిరడా పెట్టేసినందుకే.