మహాదేవి బోరుకు నీలం రంగు

ఓర్వకల్లులో బస్సులు ఆగే చోట మహాదేవి బండి మీద నన్నారి షర్బత్ అమ్ముతుంది. తాగినవాడి ఒళ్లు చల్లబడాలి. అదే ఆమె వ్యాపారం, అదే పరువు. నీళ్లు ఇంటి వెనక బోరువి. ఈమధ్య వీటన్నిటికీ ఒక్క మాట ఎసరు పెట్టింది.

ఊరి పక్కన కూరగాయల గిడ్డంగి కట్టారు. చలికాలంలో చల్లబడ్డ నీటిని ఒక బోరులోంచి భూమిలోకి దించి దాచడం, ఎండాకాలంలో తోడి గిడ్డంగిని చల్లబరచడం, అలా వేడెక్కిన నీటిని ఇంకో బోరులోకి పంపడం వాళ్ల ఉపాయం. భూమిలో ఆ నీరు ఎటు పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే తనూజ గ్రామసభలో, “ఎండాకాలంలో గిడ్డంగి నీళ్లు వేడి చేస్తుంది” అంది. సభ దాటి బస్టాపు చేరేసరికి అది “గిడ్డంగి నీళ్లు వేడి చేస్తాయంట” అయింది. మన దగ్గర వేడి చేయడమంటే నోరు పూయడం, కళ్లు మండటం, ఒంటేలుకు పోతే చురుక్కుమనడం.

“నీ షర్బత్ కూడా వేడి చేస్తాదంట గదా వదినా” అన్నాడు ఆటో కంబన్న, గ్లాసు దూరంగా జరిపి.

“నీ మాటలు వింటే చేస్తాది. తాగప్పా.”

అతను తాగలేదు. అతన్ని చూసి ఇంకెవరూ తాగలేదు. మహాదేవి గ్లాసులు బోర్లించి, షర్బత్ జగ్గుతో సహా గిడ్డంగి దగ్గర తనూజ కూర్చునే రేకుల గదికి పోయింది.

“నీ కంప్యూటర్ బొమ్మలో నా బోరు యాడుండాది పాపా?”

తనూజ వెతికింది. కంపెనీ బోర్లున్నాయి, రాతి పొరలున్నాయి, ఊరు లేదు. ఊరి కింది నీటికి లెక్కలు వేసేవాళ్లు ఊరిని మరిచిపోవడం మనకు కొత్తేమీ కాదు. తనూజ కడప పిల్ల, దబాయించలేదు. “పెట్టాల్సింది అక్కా” అని చుక్క పెట్టి లెక్క మళ్లీ నడిపింది.

తెర మీద ఎరుపు, నీలం బయల్దేరాయి. ఎరుపు వేడి, నీలం చలవ. ఎరుపు తన బోరు వైపు వంకర తిరిగినప్పుడల్లా మహాదేవి జగ్గును వెనక్కి జరిపింది. చివరికి ఎరుపు నాపరాతి సందుల్లోంచి గుట్ట దిక్కుకు మళ్లింది. నీలం మాత్రం తిన్నగా వచ్చి మహాదేవి బోరును ముంచేసింది.

“అయ్యో, చల్లదనమంతా జారిపోతాంది. మా బోరు జరపాల్సిందే” అంది తనూజ.

“జరిపినావంటే చూడు. వస్తాండేది నా ఇంటికే గదా, రానీ.”

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తనూజే ముందు తేరుకుంది.

“ఇది లెక్కే అక్కా. నిజంగా యాడికి పోతాదో కొలిచి చూడాల.”

“కొలిచేది నా బోరులో పెట్టు. అంకె నా బండి మీద కనపడాల. లేదంటే గ్రామసభ మళ్లీ ఉండాది, నాకూ నోరుండాది.”

పెట్టారు. ఎండలు ముదిరినా నీటి వేడి చూపే ఆ అంకె పెద్దగా కదల్లేదు. ఇప్పుడు జనం అంకె చూసి మరీ తాగుతున్నారు. అందరికీ చదివి వినిపించేది కంబన్నే.

“ఏం వదినా, ఈ పొద్దు రవ్వంత పెరిగిండాది?”

“నువ్వొచ్చి నిలబడితివి గదప్పా. వేడి చేసిండాది.”