బావ బాగు చేసిన కారు

మా బావకు ఏ వస్తువునైనా విప్పి చూడకపోతే నిద్ర పట్టేది కాదు. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకును చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. ఇంట్లో గోడగడియారం, పెట్రోమాక్సు దీపం, కుట్టుమిషను అన్నీ ఆయన చేతిలో ఒకసారి ముక్కలై మళ్ళీ ఒకటైనవే. కొన్ని ఇదివరకటికంటే బాగా పనిచేసేవి, ఆ మాట ఒప్పుకోవాలి. కొన్నిటికి మాత్రం మరలు మిగిలిపోయేవి. వాటిని ఒక డబ్బాలో పడేసి, "కంపెనీవోళ్ళు ఎక్కువ పెట్టినార్లే" అనేవాడు.

అరవైలలో ఒక ఏడు వాన కాస్త కనికరించి శెనక్కాయ పండింది. ఆ ఏడే రాయదుర్గం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర పాత నల్ల కారు కొని తెచ్చాడు. గార్లదిన్నె దాటి ఇంకా లోపలికి రావాల్సిన మా ఊళ్ళో అదే మొదటి కారు. అది వస్తుంటే ముందు దుమ్ము కనపడేది, చాలాసేపటికి గానీ కారు కనపడేది కాదు. నాకూ దాని మీద మోజే. బానెట్టు ఎత్తిన చప్పుడైతే చాలు, పొయ్యి మీద ఎసరు వదిలేసి పోయి నిలబడేదాన్ని. ఇదేంది, అదెందుకు అని అడిగితే బావ తెలిసినవి చెప్పేవాడు, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పేవాడు.

అప్పటికి మా అత్తకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికీ పొర కమ్ముకుంటోంది. సొంత ఇంట్లోనే గోడ పట్టుకుని నడిచేది. పళ్ళెంలో సంగటి ఎక్కడుందో, ఊరిబిండి పచ్చడి ఎక్కడుందో వేళ్ళతో తడుముకుంటుంటే నాకు ముద్ద దిగేది కాదు. అనంతపురం ఆసుపత్రికి బయటినుంచి కంటి డాక్టరు వచ్చి పొరలు తీస్తాడని తెలిసి, ముందే పోయి పేరు రాయించి వచ్చాం. చెప్పిన రోజు మధ్యాహ్నం లోపల మనిషిని తీసుకొచ్చి అప్పజెప్పాలి. ఆ రోజు తప్పితే ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. అంతవరకు ఆ ఉన్న కన్నైనా ఉంటుందో లేదో అని మా ఇద్దరికీ భయం.

కారుంది కదా అని ధీమాగా ఉన్నాం. సరిగ్గా ముందురోజు పొద్దున ఆ కారు దారిలో ఎక్కిళ్ళు మొదలుపెట్టింది. నాలుగు బారలు పోవడం, ఒక కుదుపు కుదపడం. "రేపు అమ్మను తీసకపోవల్ల, ఇది ఇట్ల ఎక్కిళ్ళు పెడితే ఎట్ల?" అని బావ సాయంత్రం వాకిట్లో గోనెసంచి పరిచి కూర్చున్నాడు. నేనేమో ఆసుపత్రికి పట్టుకుపోయేందుకు జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. నేను పక్కన నిలబడి చూడని మరమ్మతు అదొక్కటే.

తెల్లారి అత్తను తయారుచేసి వెనక సీట్లో కూర్చోబెట్టాం. ముఖాన విభూతి, ఒళ్ళో గుడ్డలమూట. బావ ముందుకు పోయి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. ఇంజను గుర్రుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. అంతే. చొక్కా తడిసిపోయేదాకా తిప్పి, నడుము పట్టుకుని నిలబడ్డాడు. పక్కింటి భాయి, గిన్నెలకు కళాయి వేసే ఆయన, వచ్చి ఒక పట్టు పట్టాడు.

"ఏమప్పా, పెట్రోలుండాదా లేదా?"

"నిన్ననే పోసినా అన్నా."

సరే తోద్దామన్నాడు భాయి. అత్తను దించకుండానే వీధిలో నలుగురూ కలిసి పల్లం దాకా తోశారు. కారు చక్కగా దొర్లుకుంటూ పోయింది, కిక్కురుమనకుండా ఆగింది. అక్కడే బానెట్టు ఎత్తారు. అప్పటికే బస్సు పోయింది. ఎద్దులబండి కడితే చేరేసరికి పొద్దు వాలుతుంది. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అత్త ఒక్కతే నిమ్మళంగా ఉంది.

"తొందరేం లేదు నాయనా. నిదానంగా చూసుకో" అంది లోపలినుంచి.

బావ ఇంజనులోకి వంగి వెతకడం మొదలుపెట్టాడు. వాన కురిసి వెలిశాక వజ్రకరూరు చేలల్లో వజ్రాలకోసం వెతికే వాళ్ళు కూడా అంత వంగరు. పెట్రోలు గొట్టం ఊడదీసి ఊదాడు. బ్యాటరీ తీగలు గీకి బిగించాడు. తర్వాత ఒక ప్లగ్గు విప్పి, దానికి తీగ తగిలించి, ఇనుము మీద ఆనించి పట్టుకుని భాయిని హ్యాండిల్ తిప్పమన్నాడు.

"ఏం రావల్ల బావా?" అన్నాను.

"నిప్పురవ్వ. చిటుక్కుమని రావల్ల."

రాలేదు. ప్లగ్గు చెడిపోయిందన్నాడు. ఇంకోటి విప్పాడు, దానికీ రాలేదు. మూడోదాన్ని కూడా తిడుతుంటే నాకు అనుమానం వచ్చింది. అన్ని ప్లగ్గులూ కూడబలుక్కుని ఒక్క రాత్రిలో చచ్చిపోతాయా? అసలు ఆ నిప్పు వాటికి ఎక్కడినుంచి వస్తుంది? ప్లగ్గు దగ్గరి తీగ పట్టుకుని, దాని వెంబడే వేలు జరుపుకుంటూ పోయాను. అది ఒక నల్లటి మూతలోకి పోయింది. పక్క తీగ పట్టుకున్నాను, అదీ అక్కడికే పోయింది. అన్నీ అక్కడికే పోతున్నాయి.

"ఈ మూత కింద ఏముండాది?"

"దాంట్లో ఏం లేదు. అది నేను నిన్న బాగు చేసిందే. డిస్ట్రిబ్యూటర్."

నాకు ఒళ్ళు మండింది. "నిన్న పొద్దున దగ్గుతా అన్నా పోయిందే కారు? ఈ పొద్దు అసలు పోలేదే? మధ్యలో ముట్టుకున్నది ఇదొక్కటే కదా?"

"బాగు చేసింది యాడన్నా చెడిపోతాదా? శుభ్రంగా తుడిచి పెట్టినా."

"ముట్టుకోనివన్నీ విప్పితివి. ముట్టుకున్నదాన్ని మాత్రం చూడవా?"

భాయి నవ్వు ఆపుకుంటూ, "చెల్లెలు చెప్పేది నిజమే అప్పా, తీసి చూడు, పోయేదేముండాది" అన్నాడు. బావ నావైపు చూడకుండా మూతకున్న రెండు కొక్కీలూ ఊడదీశాడు.

మూత లేవగానే వాసన కొట్టింది. నాకు బాగా తెలిసిన వాసనే. కందెన! గడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి బండి ఇరుసులకు పూస్తామే, అది. మూత లోపల, నడుమ తిరిగే ముక్క మీద, దాని కింద ఒకదానికొకటి తగిలి విడిపోయే చిన్న ఇనుప మొనల మధ్య, అంతటా నల్లగా నిగనిగలాడుతూ కందెన.

"ఇదేంది బావా?"

"ఆడ ఒకటి గిర్రున తిరుగుతాది. తిరిగేదానికి కందెన పెట్టకుంటే అరిగిపోదా?" అన్నాడు. తాతల కాలం నుంచీ బండ్లు తోలిన వంశం. తిరిగేదేది కనపడినా ఆ చెయ్యి వెదురుగొట్టంలోని కందెన కోసమే పోతుంది. బావిగిలకకు పూశాడు, తలుపు బందులకు పూశాడు, అన్నీ మేలే చేశాయి. కారుకు మేలు కాకపోతుందా అనుకున్నాడు, పాపం.

అది మంచిదో చెడ్డదో అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? ఒక్కటే అడిగాను. "నువ్వు విప్పినప్పుడు దీంట్లో కందెన ఉండెనా?"

బావ చేతిలోని మూతను తిప్పి చూశాడు. "లేదు. పొడిగా ఉండె."

"అయితే పొడిగానే పెట్టు."

అత్త మూటలోంచి పాత చీరముక్క తీసుకుని, పెట్రోలులో తడిపి, ముగ్గురం వంతులవారీగా తుడిచాం. సందుల్లో వేలు పోని చోట చీపురుపుల్లకు గుడ్డ చుట్టి తిప్పాను. గుడ్డకు నలుపు అంటడం మానేదాకా తుడిచి, పెట్రోలు వాసన పోయేదాకా ఎండలో ఆరనిచ్చాం. మసిలో కరెంటు పారుతుందనీ, నిప్పు ప్లగ్గు దాకా పోకుండా ఆ మసి వెంబడే జారిపోయిందనీ చాలాకాలం తర్వాత అనంతపురంలో ఒక మెకానిక్కు చెబితే తెలిసింది. తెలిసిన రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మూత బిగించి భాయి హ్యాండిల్ తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. బావ "అమ్మా!" అని అరిచి స్టీరింగు ముందుకు దూకాడు. నేను పరుగున వెనక తలుపు తీసి ఎక్కి, అత్త చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది.

"అమ్మీ" అంది, ఇంజను హోరులో నాకొక్కదానికే వినపడేట్టు. "కన్ను కోసేటప్పుడు కత్తి కనపడతాదా?"

అప్పుడు తెలిసింది నాకు. పొద్దుటినుంచీ ఆమె నిమ్మళమనుకున్నది నిమ్మళం కాదు. కారు కదలకుంటే బాగుండునని, లోపల ఒక్కతే కూర్చుని మొక్కుకుంటూ ఉంది. డాక్టరు ఎప్పుడొస్తాడు, ఎక్కడ పడుకోవాలి, రొట్టెలు ఎన్ని రోజులుంటాయి, అన్నీ మాట్లాడుకున్నాం గానీ ఈ మాట ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"నాకు తెల్దత్తా" అన్నాను. "డాక్టరును అడుగుదాం. ఆయన చెప్పినాకనే నువ్వు లోపలికి పోదువులే."

వేళకే చేరాం. డాక్టరుకు దండం పెట్టి, సిగ్గుపడకుండా అదే మాట అడిగాను. ఆయన నవ్వలేదు. "కత్తి కనపడదమ్మా. కంటికే మత్తు ఇస్తాం, నొప్పి కూడా తెలియదు. ఏం కనపడుతుందంటే మాత్రం నేను చెప్పలేను, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. బయటికొచ్చాక మీ అత్తగారినే అడగండి" అన్నాడు. అత్త ఆ మాటలు తల వంచుకుని విన్నది. కాసేపటికి నా చెయ్యి వదిలి, నర్సమ్మ భుజం పట్టుకుని లోపలికి పోయింది.

చూపు తర్వాత వచ్చింది, లావు కళ్ళద్దాలతో సహా. కానీ నాకు మరపురానిది కట్లు విప్పకముందు సంగతి. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదిలించవద్దని చెప్పి మంచం మీద పడుకోబెట్టారు. బావ ఒక పక్క, నేనొక పక్క కూర్చున్నాం. ఆగలేక, చెవి దగ్గర వంగి అడిగాను.

"ఏం కనపడె అత్తా?"

"నీళ్ళు" అంది.

మత్తు దిగలేదేమో అనుకున్నాను.

"నిజమే అమ్మీ. మడుగులో మునిగి కిందినుంచి పైకి చూసినట్ల ఉండె. పైనంతా ఎండ తళతళమంటాండె, చుట్టూరా నీళ్ళే. పుట్టి ఇన్నేండ్లాయ, అన్ని నీళ్ళు నేను యాడా చూళ్ళేదు." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "అప్పుడే అయిపోయిందని లేపినారు. ఇంకొంచేపు ఉండనిచ్చింటే బాగుండు."