సార్ చెయ్యమన్న డ్రై రన్

మా సార్ పోయారు. మిర్యాలగూడలో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం ఇల్లు కదిలిన మనిషి, మధ్యాహ్నం ఎండలో నేరేడుచర్ల రోడ్డు పక్కన పడి కనిపించారట. ప్యాకెట్ చేతిలోనే ఉందట.

కోదాడ కాలేజీలో మాకు కంప్యూటర్ చెప్పింది ఆయనే. క్లాసంతటికీ నాలుగు మిషన్లు, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరే. అందుకని ప్రోగ్రామును ముందు కాగితం మీద, ఒక్కో లైను మీద వేలు పెట్టి మాచేత నడిపించేవారు. దాన్నే డ్రై రన్ అంటారు. "మిషన్‌కు తెలివి ఉండదురా, నువ్వు రాయంది అది చెయ్యదు" అనేవారు. తప్పు పట్టినవాడికి చాయ్ తాగించేవారు. సూర్యాపేట నుంచి బస్సులో పడుతూ లేస్తూ వచ్చే నాకు ఆ చాయ్‌లు బాగానే దక్కాయి. ఇవాళ నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

నాకిప్పుడు యాభై రెండు. హైదరాబాద్‌లో ఇంకా కోడ్ రాస్తున్నాను. నెల కిందట నేనే రాసింది ఇప్పుడు ఎవరో రాసినట్టుంటోంది. టీములో కుర్రాళ్ల పేర్లు గుర్తురాక అందరినీ "బాస్" అని నెట్టుకొస్తున్నాను. మీకు నవ్వు రావచ్చు, నాకు మాత్రం భయం. అది చెప్పుకోవడానికే పోయిన నెల సార్ దగ్గరికి వెళ్లాను.

అంతా విని ఆయన ఒక కాగితం నా చేతిలో పెట్టారు. "నాకూ మరుపు మొదలైంది. దాచుడెందుకు, రాసి పెట్టుకుంటున్న." పాల షాపుకు దారి అది. తలుపు గొళ్లెం పెట్టాలి, ఎడమకు తిరగాలి, రైస్ మిల్లు దాటాలి... ఇలా నంబర్లు వేసి ఉంది.

"డ్రై రన్ చెయ్యి. నా కన్నును నేను నమ్ముతలేను. నువ్వు సరే అంటే గట్లనే పోత."

వేలు పెట్టి రెండుసార్లు చదివాను. "కరెక్టే సార్" అన్నాను. సంతకం పెట్టమంటే పెట్టాను.

"గింత సక్కగ సూసినవ్, నీకేమైతది పో" అన్నారు. ఆ మాటతో గుండె తేలికపడి ఇంటికొచ్చాను.

మొన్న పరామర్శకు వెళితే సార్ కూతురు ఆ కాగితం తెచ్చింది. "నాన్న జేబుల గిదొక్కటే ఉండె అన్నా. రోజూ ఎవరమో ఒకరం ఎంబడి పోతుంటిమి. ఆ రోజు ఒక్కన్నే పోతనన్నడు. మీరు సూసి సంతకం పెట్టిండ్రని సూపిచ్చిండు."

పాలు తీసుకునేదాకా అన్నీ ఉన్నాయి. తిరిగి ఇంటికొచ్చే దారి లేదు. జాలిపడి అబద్ధమాడి ఉంటే ఎప్పటికైనా నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. నేను అబద్ధమాడలేదు. నాకు కనపడలేదు.

ఏడో నంబరు దగ్గర సార్ రాత ఆగిపోయింది. దాన్ని ఆనుకుని నా సంతకం. ఆ కింద సగం కాగితం ఖాళీ.