సద్ది విప్పే ముందు

ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో, పొద్దు నడినెత్తికి వచ్చేలోగా నలభై బండలు చెక్కేవాణ్నని మనవళ్లకు చెబుతుంటాను. నలభై కాదు, పన్నెండు. వాటిలోనూ రెండింటి అంచులు పక్కవాడు సరిచేసినవే. యాభైల నాటి మాట కదా, కాదనడానికి ఆ పక్కవాడు ఇప్పుడు లేడు.

మా గని యజమానిని అందరం పెద్దాయనా అనేవాళ్లం. మధ్యాహ్నం వేపచెట్టు కింద మాతోపాటే నేలమీద కూర్చునేవాడు. సద్దిమూట ముందు పెట్టుకుని, ముడి విప్పకముందే ఆ పూట తను చేసిన తప్పు చెప్పేవాడు.

"బద్వేలాయన రెండడుగుల బండలడిగితే రెండున్నర అని చెప్పి కోయిస్తినప్పా. తప్పు నాదే."

"చెవుల్లో గూడా బండలు పెట్టుకున్న్యావా పెద్దాయనా?" అనేవాడు ఎవడో ఒకడు.

అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. తర్వాత "ఇంకెవరన్నా ఉండారా?" అని అడిగేవాడు. అంచు విరగ్గొట్టినవాడు, కొలత తప్పినవాడు ఒక్కొక్కరే చెప్పేవాళ్లు. "సరే, తినండప్పా" అనేవాడు. అంతే. సంగటి, ఊరిమిండి పచ్చడి, నవ్వులు. ఇలా చెప్పాలని ఆయన ఎవరికీ చెప్పలేదు. కొత్తగా చేరినవాడు వారం తిరక్కుండానే తనూ చెప్పేవాడు. పగిలిన బండ మా గని దాటి బయటికి పోయేది కాదు.

ఒకసారి వేంపల్లె వైపు పల్లెలో చర్చి కట్టుకుంటూ, రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభువు బల్లకు ఒకే పలక కావాలని అడిగారు. ఆ పని పెద్దాయన నన్ను నమ్మి ఇచ్చాడని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి నేనే వెంటపడ్డాను. అది బాగా కుదిరితే మేస్త్రీనవుతానని ఆశ. చివరి అంచు దగ్గర ఉలి దెబ్బ ఒకటి గట్టిగా పడి, పలక అడ్డంగా వెంట్రుకంత నెర్ర పారింది. దీపం మసిలో ఆముదం కలిపి దాన్ని పూడ్చాను. నల్లరాయిలో నల్లగా కలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నేను నోరు విప్పలేదు. పలక బండెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు సద్ది వేళకు బండి తోలే ఆయన వచ్చి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"వంక నీళ్లల్లో చక్రం దిగబడె పెద్దాయనా. ఎద్దుల్ని అదిలిస్తే బండి కుదేసె. బండ రెండు ముక్కలాయె. తప్పు నాదే."

"నిద్రపోతా తోల్న్యావా ఏమి మామా?" అన్నాడొకడు. బండి తోలే ఆయన నవ్వలేదు.

"అంత బరువుకు తోడు మనిషిని పంపల్య నేను. సగం నాది" అన్నాడు పెద్దాయన. "ఇంకెవరన్నా ఉండారా?"

ఈ కథ ఎవరికి చెప్పినా, ఇక్కడ నేను ముప్పైమంది ముందు లేచి నిలబడతాను. "ఆ తప్పు నాది!" అంటాను. పెద్దాయన నన్ను కావలించుకుంటాడు కూడా.

నేను లేవలేదు. కూర్చునే, "ఒక ఉలి మొన విరగ్గొట్టినా" అన్నాను. అదీ అబద్ధమే.

పెద్దాయన వెంటనే తినండప్పా అనలేదు. సద్దిమూట ముడి మీద చెయ్యి ఆనించి నన్నే చూస్తూ ఆగాడు. నేను నా మూట వైపు చూశాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. ఈగలు వాలేంత సేపు. ఆయనకు తెలుసో తెలియదో కూడా చెప్పలేను. చివరికి, "సరే, తినండప్పా" అన్నాడు.

రేపు చెబుదామనుకున్నాను. రేపు కూడా రేపే అనుకున్నాను. మూడోనాడు గుండెలో నొప్పని ఆయన్ని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్లీ రాలేదు.

గని చేతికొచ్చిన ఆయన కొడుకు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే గదిలో కూర్చుని తినేవాడు. తిన్నాక బయటికొచ్చి, "ఇది ఎవరు పగలగొట్టింది?" అని అడిగేవాడు. కొన్నాళ్లు మావాళ్లు చెప్పారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలైంది. మసి, ఆముదం అందరికీ అలవాటయ్యాయి. ఎవరు నేర్పారో అడగకండి. సరే, నేనే. మేస్త్రీని కూడా అయ్యాను.

ఎనభై దాటిన ఈ వయసులో ఆ నీడన మరొక్క మధ్యాహ్నం కూర్చోవాలనిపిస్తుంది. పెద్దాయన అలా నా వైపు చూస్తూ ఇంకాస్త ఆగి ఉంటే చెప్పేవాణ్నేమో. ఇది కూడా గొప్ప కోసం అంటున్నానేమో, నాకే తెలియదు.

బండి తోలే ఆయన మాత్రం నేను మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ ఆ వంక రాగానే దిగిపోయి, పగ్గాలు పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో ఎద్దుల ముందు నడిచేవాడు. ముసలివాడివి, ఎందుకు దిగుతావని ఒకసారి అడిగాను.

"ఒగతూరి ఈడనే బండ పోగొట్టినా గదప్పా" అన్నాడు.

"జాగ్రత్త మంచిదేలే మామా" అన్నాను.