మోట నడిపిన కాకా

మొన్న సౌదీలోని అల్ ఖర్జ్‌లో కొత్తగా ఉద్యోగానికి చేరిన మా తమ్ముడి కొడుకు, సెలవురోజున పాత పల్లెటూరి మ్యూజియం ఒకటి చూశానంటూ ఫొటోలు పంపాడు. మట్టిగోడల ఇల్లు, ఖర్జూరపు దూలాలు, మోటబావి గిలకలు వరుసగా కనిపించేసరికి, ఆ గిలకలకు నంబర్లు వేసింది నేనేనని వాడికి చెప్పాలనిపించి కూడా చెప్పలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్కడి పాడి ఫారంలో నేను పంపుల ఇంజనీరుని. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసామీద తెచ్చుకున్న యజమాని, తన తాతలు బావి తవ్వి గోధుమ పండించిన తొలినాళ్ల ఇంటిని మ్యూజియం చేయాలనుకుని, సామాను పట్టీ రాసే పని నాకు అప్పగించాడు. కొడవళ్లు, తిరగలి, నీటితిత్తులు, నాగలి, అన్నీ కొలతలతో సహా రాశాను. ఒంటె లాగే మోటను నడపడం మాత్రం అక్కడివాళ్లే మరిచిపోయారు. దాన్ని మళ్లీ నడిపించినవాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి పశువుల కొట్టంలో పనిచేస్తున్న పెద్దాయన. అందరం కాకా అనేవాళ్లం. తోలుబొక్కెన, మోకు, ఏటవాలు బాట అన్నీ తన ఊళ్లో ఉన్నట్టే ఉన్నాయని, ఎద్దుల బదులు ఒంటె, అంతే తేడా అని, మోటపాట పాడుతూ రెండురోజుల్లో నీళ్లు తెప్పించాడు.

పంపుల పట్టీలో ప్రతిదానికీ ఎదురుగా స్పేర్ ఉందో లేదో రాయడం నాకు అలవాటు. మ్యూజియం పట్టీలోనూ అలాగే రాస్తూ, మోట నడిపే మనిషి దగ్గరికొచ్చేసరికి, కాకా విలువ వాళ్లకు తెలియాలన్న ఉత్సాహంతో 'స్పేర్ లేదు' అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆ వారమే కాకా భార్యకు జబ్బు ముదిరిందని, ఇక రోజులే మిగిలాయని ఫోనొచ్చింది. ఆయన సెలవు అడిగితే, కఫీల్ పెద్దకొడుకు నా పట్టీ తెరిచి, ఆ గీతమీద వేలుపెట్టి, మ్యూజియం ప్రారంభమయ్యాకే వెళ్లమన్నాడు. మా పాస్‌పోర్టులు వాళ్ల బీరువాలో ఉండే రోజులవి.

ఆ స్పేర్ నేనే అవుదామని రోజూ సాయంత్రం మోట దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఒంటె కదిలేది కాదు.

"నీ డిగ్రీ దానికేమెరుక సారూ? గొంతిప్పి పాడు. దొంగలెక్క ఆ గునుగుడేంది?" అని కాకా నవ్వేవాడు. నవ్వుతూనే, "జల్ది నేర్వు బిడ్డా. ఆమె నాకోసమే పానం పట్టుకోని ఉన్నది" అనేవాడు.

నేర్వలేకపోయాను.

ప్రారంభం రోజు ఉదయం ఆమె పోయిందని కబురొచ్చింది. మధ్యాహ్నం అతిథుల ముందు కాకా మోట నడిపాడు. పాటలో పాత మాటలు వదిలేసి, రాగం మాత్రం తప్పకుండా, పేరుపెట్టి ఆమెను పిలుస్తూ ఏడ్చాడు. అతిథులు చప్పట్లు కొట్టారు. అంతమందిలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు సెలవు కాగితాలు ఫోన్లోనే కదులుతున్నాయని, పాస్‌పోర్టు ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటోందని అంటున్నారు. సంతోషమే. మా కాలంలో ఒక్క సంతకం కోసం మనుషులు ఎంతెంత మౌనం పట్టారో, ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పట్టీలో తప్పు రాశాను, మోట ఆ ఒక్కరోజు ఆగినా ఫర్వాలేదు అని ఆ పెద్దకొడుకుతో నేను చెప్పి ఉండొచ్చు. రెండుసార్లు ఆయన గది గుమ్మందాకా వెళ్లాను కూడా. ఆ బల్లమీద కాకా అర్జీ కిందనే, నా పెళ్లికోసం నేను పెట్టుకున్న సెలవు అర్జీ ఉంది.

నాది మంజూరైంది.